రెండో ఫిల్టరు

"నా బండి మీద నీ ప్రయోగాలేంటే?" అన్నాడు లారీ డ్రైవరు.

లారీ కింద పడుకుని ఉన్న అతని భార్య తల తిప్పలేదు.

"బండి మీది. షెడ్డు నాది. ఇందులోకొచ్చిన ఇంజనుకి ఏం కావాలో నేను చూసుకుంటాను."

నిజమే. ముందున్న మెకానిక్ షెడ్డూ, వెనకున్న రెండు గదుల ఇల్లూ ఆమె తండ్రి కట్టినవే. పెళ్ళికి ముందు నుంచీ ఆమె గోళ్ళ సందుల్లో గ్రీజు ఉంది.

డ్రైవరు వారాల తరబడి రోడ్ల మీదే ఉంటాడు. పాత ఇంజను, మసి ఎక్కువ. కొన్ని ట్రిప్పులకే ఆయిలు తారులా తయారవుతుంది. బయట ఎవడి చేతా బండిని ముట్టించడు. ఆయిల్ మార్చాలంటే ఇంటికే తెస్తాడు. తెచ్చినప్పుడల్లా నాలుగైదు రోజులు ఉండిపోతాడు. ఆ రోజుల్లో కూతురు పుస్తకాలు సర్దుకుని పక్కింటి మేడెక్కుతుంది. నాన్న వచ్చాడంటే ఇంట్లో చదువు సాగేంత నిశ్శబ్దం ఉండదు మరి.

"ఉన్న ఫిల్టరు చాలదా? ఈ రెండోదెందుకు?"

"అది పెద్ద నలుసుల్నే పడుతుంది. మసి దాటిపోతుంది. ఇది పక్కనుండి కొంచెం కొంచెం ఆయిల్ లాక్కుని, సన్నగా వడగట్టి, మళ్ళీ ఇంజను అడుక్కి పంపుతుంది. బండి నడుస్తున్నంతసేపూ ఆయిల్ శుభ్రపడుతూనే ఉంటుంది."

"పైపు ఊడితే? ఆయిలంతా రోడ్డుపాలై ఇంజను పట్టేస్తే?"

"నేను బిగించింది ఊడదు."

ఎదురుగా పంక్చర్లు వేసే పెద్దాయన కిసుక్కున నవ్వాడు. "మొగుడు దారిలో అవస్థ పడకూడదని ఎంత తాపత్రయమో చూడవోయ్. పెట్టి పుట్టావు."

ఆమె ఆయిల్ ప్రెజర్ చూపించే స్విచ్ విప్పి, అక్కడ మూడు మూతుల జాయింటు బిగించింది. ఒక మూతికి ఆ స్విచ్చే మళ్ళీ పెట్టి, ఇంకోదాన్నుంచి సన్నటి పైపు లాగి, పొగగొట్టం వేడి తగలకుండా చుట్టు తిప్పి, చాసిస్‌కి బిగించిన కొత్త ఫిల్టరుకి కలిపింది. స్పానర్ ఎడంచేత్తో తిప్పుతోంది. పోయినసారి లారీ వచ్చినప్పట్నుంచీ కుడి మణికట్టు సరిగ్గా తిరగడం లేదు.

"ఇంకా నొప్పేనా?" అన్నాడు డ్రైవరు ఎటో చూస్తూ.

"పని ఆగదులెండి."

వెనక్కి వెళ్ళే పైపు కూడా బిగిస్తుంటే అతనికి ఒళ్ళు మండింది. "చెబుతున్నది నీక్కాదూ? తీసెయ్." ఒక అడుగు ముందుకు వేశాడు.

ఆమె లేచి, లారీకీ అతనికీ మధ్య నిలబడింది. స్పానర్ చేతిలోనే ఉంది.

"తియ్యను."

ఎదుటి షాపులో పెద్దాయన పని ఆపి చూస్తున్నాడు. డ్రైవరు అటు చూసి, గొంతు తగ్గించాడు. "సరే, ఏడిచావులే. స్టార్ట్ చేసి చూద్దాం."

ఇంజను గర్జించింది. ప్రెజర్ ముల్లు కదలకుండా నిలబడింది. ఆమె ఫిల్టరు మీద అరచెయ్యి ఆన్చింది. మెల్లగా వేడెక్కుతోంది. ఆయిల్ పారుతోందన్నమాట. జాయింట్ల కింద గుడ్డ పెట్టి చూసింది. చుక్క లేదు. ఇంజను ఆపి, తగ్గినంత ఆయిల్ పోసింది.

"ఇక మసంతా ఇక్కడే చిక్కుతుంది," అంటూ అతని చేతికి స్పానర్ ఇచ్చింది. "మూత విప్పి, లోపలిది తీసి, కొత్తది పెట్టుకోవడమే. చేసి చూపించండి."

"నువ్వున్నావుగా."

"చెయ్యండి."

చేశాడు. వంకరగా బిగిస్తే విప్పించి మళ్ళీ చేయించింది. తర్వాత ఒక అట్టపెట్టె నిండా కొత్త ఫిల్టర్లు తెచ్చి పక్క సీట్లో పెట్టింది.

"ఇన్నెందుకే?"

"ఎంత దూరం పోయినా సరిపోవాలి."

డ్రైవరు పెద్దాయన వైపు చూసి మీసం దువ్వుకున్నాడు. "చూశావా బాబాయ్, నేనంటే ఎంత ఇదో."

మర్నాడు లోడు కోసం బయల్దేరాడు. లారీ షెడ్డు గేటు దాటగానే, "ఒక్క మాట," అంటూ ఆమె వెనకే వచ్చింది. జాగ్రత్తలు చెబుతుందనుకుని అతను నవ్వుతూ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

ఆమె లోపలి నుంచి గేటు మూసి, గొళ్ళెం వేసి, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి 'మీరు' మానేసి చెప్పింది: "ఆయిల్ మార్చుకోవడానికి ఇక నువ్వు ఈ ఇంటికి రానక్కర్లేదు, నన్నూ పిల్లనీ కొట్టడానికి అసలే రానక్కర్లేదు."