ఇంకొంచెం వెనక్కి

“ఇంకొంచెం వెనక్కండి,” అంది భానుశ్రీ, కెమెరాకి ఆనించిన కన్ను తియ్యకుండా.

మణిదీప్ వెనక్కి జరిగాడు. అప్పటికే అందరికంటే వెనక ఉన్నాడు. కుర్చీల్లో పెద్దవాళ్ళు, వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళు, ఆ వెనకెక్కడో గట్టు మీద ఒంటరిగా అతను. గట్టు దాటితే రొయ్యల చెరువే.

“పెళ్ళికొడుకుని చెరువులో దింపేస్తుందా ఏంటండీ మీ అమ్మాయి?” అన్నారు మణిదీప్ వాళ్ళమ్మ నాగశ్రీగారు. నవ్వుతూనే అన్నారు గానీ, అన్న తీరు నవ్వులాటగా లేదు.

భానుశ్రీ తండ్రి అచ్యుతరామరాజుగారికి చెమటలు పట్టాయి. చెరువులో రొయ్యలు చచ్చి తేలిపోయిన రోజున కూడా ఆయన అంత కంగారు పడలేదు.

పడరూ మరి. ఒక్కగానొక్క కూతురు. భీమవరం చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా ఫొటోలు తనే తీస్తుంది, తన పెళ్ళి మాటెత్తితే మాత్రం కెమెరా సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతుంది. ఈ సంబంధం అన్నివిధాలా బావుంది. చిక్కల్లా నాగశ్రీగారు రాగానే చెప్పిన మాటతోనే. రేపు పొద్దున్న నిడదవోలులో ఇంకో పిల్లని చూడ్డానికి వెళ్తున్నారట, మీ జవాబేదో ఇవాళే తెలిస్తే మంచిదట.

జవాబంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఆ ఇంట్లో ఆడపిల్ల నచ్చాడని నోటితో అనదు. తలొంచుకుని “మీ ఇష్టం నాన్నగారూ” అంటుంది. ఆ మాట వినగానే లోపల్నించి స్వీట్ల పళ్ళెం వస్తుంది. మామ్మ లక్ష్మీనరసమ్మగారూ అలాగే అన్నారు, ఆవిడ కూతుళ్ళూ అలాగే అన్నారు. భానుశ్రీ మాత్రం ఇష్టం నాదైనప్పుడు మీదని అబద్ధం ఎందుకాడాలి, చచ్చినా ఆ మాట అననంది. పోనీ నచ్చాడనైనా చెప్పవే అంటే, అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే ఎలా చెప్పను, నాకు సిగ్గంటుంది. అంత మొండితనాన్నీ ఇంత సిగ్గునీ ఒకే పిల్లలో పెట్టిన దేవుణ్ణి అనాలి.

అందుకే ఆ పిల్ల జవాబులు ఫొటోల్లో ఉంటాయి. పోయినసారి వచ్చిన పాలకొల్లు అబ్బాయిని వరస చివర నిలబెట్టింది. ఫొటో వచ్చాక చూస్తే అతని భుజం ఒక్కటే ఉంది, మనిషి లేడు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

“చివరున్నవాడికే ఆ గతి పట్టింది. గట్టెక్కించినవాడు ఇంకేం మిగుల్తాడ్రా,” అని మామ్మ కొడుకు చెవిలో గొణిగింది.

రాజుగారికి ఏడుపొకటే తక్కువ. ఇందాక ఇద్దరినీ మాట్లాడుకోమని కొబ్బరితోటలోకి పంపినప్పుడు ఆయన మురిసిపోయారు కూడా. మణిదీప్ వంటొచ్చా అని గానీ, పెళ్ళయ్యాక పని మానేస్తారా అని గానీ అడగలేదు. చెల్లెలి పెళ్ళిలో తను తీసిన గ్రూపు ఫొటోలో పంతులుగారి పిలక తప్ప ఏదీ సరిగా పడలేదని చెప్పుకుని, ఆరుబయట ఇంతమందిని తియ్యాలంటే కెమెరాలో ఏం పెట్టాలండీ అని అడిగాడు. ఇంక చూస్కోండి, భానుశ్రీ క్లాసు మొదలెట్టేసింది. ఎండ ముఖాన కొట్టకుండా చెట్టు నీడన నిలబెట్టాలి. పెద్దవాళ్ళు తలలు ఊపుతుంటారు కనక షట్టర్ స్పీడు రెండొందల యాభైకి తగ్గకూడదు. ఎపర్చర్ ఎనిమిది మీద పెడితే ముందువాళ్ళూ వెనకవాళ్ళూ అందరూ స్పష్టంగా పడతారు. ఒకటి పాయింట్ ఎనిమిది మీద పెడితే ఫోకస్ చేసినవాళ్ళు తప్ప మిగతా అంతా మసకే.

“ఫ్యామిలీ ఫొటోకి అలా ఎవరైనా పెడతారాండీ?” అన్నాడు మణిదీప్.

“బుద్ధున్నవాళ్ళెవరూ పెట్టరండి.”

అంత చక్కగా మాట్లాడిన పిల్ల, ఇప్పుడు వచ్చినవాణ్ణి గట్టెక్కించి తరుముతోంది.

“అంతా సరిగ్గా పెట్టావా అమ్మా?” అన్నారు రాజుగారు, ప్రాణం ఉగ్గబట్టుకుని.

భానుశ్రీ కెమెరా మీద చక్రం ఇంకోసారి తిప్పి చూసుకుంది. “పెట్టాను నాన్నగారూ. ఇంతకంటే సరిగ్గా కుదరదు.”

క్లిక్‌మంది.

అతిథులు కారెక్కబోతుంటే రాజుగారు కూతుర్ని తలుపు చాటుకి లాక్కెళ్ళి, నీ మాటేంటో చెప్పి పుణ్యం కట్టుకోమని బతిమాలారు. ఫొటో పంపుతాను చూడండి అనేసి లోపలికి పోయింది. స్వీట్ల పళ్ళెం వంటింట్లోనే ఉండిపోయింది.

దీపాలు పెట్టే వేళకి రెండిళ్ళవాళ్ళకీ వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గ్రూపు ఫొటోలో ఎవరైనా ముందు వెతుక్కునేది తన ముఖాన్నే కదా. మామ్మ తన వజ్రాల ముక్కుపుడక వెతుక్కుని, ముక్కే కనబడక శోకాలు మొదలెట్టింది. అందులో రాజుగారి ముఖం తడిపిన గోధుమపిండి ముద్దలా ఉంది.

“ఊళ్ళోవాళ్ళందరికీ అద్దంలా తీస్తావు, మన ఇంటికొచ్చేసరికి ఇదా?” అని ఆయన విరుచుకుపడబోతుండగా ఫోన్ మోగింది. నాగశ్రీగారు. క్షమాపణ చెప్పడానికి రాజుగారు గొంతు సవరించుకున్నారు.

“అన్నయ్యగారూ, మావాడు ఆ ఫొటో చూసినప్పట్నుంచీ నిడదవోలు రానంటే రానంటున్నాడండి. ముహూర్తం ఎప్పుడో మిమ్మల్ని అడగమంటున్నాడు. అందులో మా ముఖాలు మాకే ఆనవాలు దొరకట్లేదు, వాడికేం కనబడిందో మరి.”

రాజుగారు కళ్ళజోడు పెట్టుకుని ఫొటోని వేళ్ళతో పెద్దది చేశారు. కుర్చీలు దాటించి, నిలబడ్డవాళ్ళని దాటించి, ఇంకొంచెం వెనక్కి వెళ్ళారు.

గట్టు మీద మణిదీప్ ఒక్కడే, కనురెప్పలతో సహా స్పష్టంగా ఉన్నాడు.