ఎలుకలకు క్షమాపణ

సమస్త మూషిక జాతికి సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. మీ మీద నేను వేసిన నింద ఘోరమైనది. మీ పూర్వీకుల ఆత్మలు సైతం నన్ను మన్నించుగాక.

మా అక్క కారు పొద్దున్నే తాళం తిప్పితే కిక్కురుమనదు. బ్యాటరీ కొత్తది వేసినా తెల్లారేసరికి చచ్చి ఊరుకుంటుంది. చివరికి తాడు కట్టించి నా మెకానిక్ షాపుకి లాగించుకొచ్చింది.

"ఇంజినీరింగ్ వెలగబెట్టావుగా, కనుక్కో చూద్దాం. కారు లేకపోతే ఉద్యోగం మానెయ్యమంటున్నాడు మీ బావ," అంది.

వేరే బ్యాటరీ పెట్టి, తాళం తిప్పకుండానే కరెంటు ఎటు పోతోందో చూడ్డానికి మీటర్ తగిలించి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. రేడియో ఫ్యూజు పీకగానే మీటర్‌లో ముల్లు పడిపోయింది. ఆ వైరు పట్టుకుని డాష్‌బోర్డు కింద దూరితే అగ్గిపెట్టెంత నల్ల డబ్బా కనిపించింది. కారు ఎక్కడ తిరుగుతోందో ఎవరి ఫోనుకో చేరవేసే డబ్బా.

పక్కకెళ్లి బావకి ఫోన్ చేశాను.

"చూసేశావా? మీ అక్క మంచికేలే బామ్మర్దీ. మన మధ్యే ఉండనీ," అన్నాడు తాపీగా.

నాకు షాపు పెట్టించింది ఆయనే. ఆ మాట ఆయన అనలేదు, అనక్కర్లేదు.

"ఏమైందిరా?" అంది అక్క.

"ఎలుక వైరు కొరికిందక్కా. ఇక బ్యాటరీ దిగదు."

"నా బంగారు తమ్ముడివిరా! ఇక నా ఇష్టమొచ్చిన చోటికి పోతా," అని నా జుట్టు చెరిపి వెళ్లిపోయింది.

బ్యాటరీ నిజంగానే దిగదు. నేను డబ్బా పీకలేదు. తాళం తిప్పినప్పుడే దానికి కరెంటు అందేలా వైరు మార్చి, శుభ్రంగా టేపు చుట్టి, ఇంకెవరికీ దొరకనంత లోపలికి తోశాను.