సాంచ చప్పుడు మీద పిలుపు

మన మాటలోని శబ్దాలు ఆటిజం పిల్లల మెదడుకు చిక్కుపడి అందుతాయట. అందుకని సర్కారు వాళ్ళ చెవులకు బిళ్ళలు పెట్టింది. ఎవరు మాట్లాడినా బిళ్ళ ఆ చిక్కు తీసి, ఒకే మెత్తటి గొంతుతో వినిపిస్తుంది. పాఠాలు వస్తున్నాయి, మంచిదే. మరి అమ్మల గొంతు ఎటు పోయిందని ఎవడైనా అడిగాడా?

సిరిసిల్లలో రాజవ్వ ఇంట్లోనే సాంచ మీద, అంటే మరమగ్గం మీద, బట్ట నేస్తుంది. బిళ్ళ రాకముందు ఆమె ఆ మగ్గం చప్పుడుకు తగ్గట్టు, దెబ్బకొక ముక్కగా "బు... వ్వ... తిం... దాం... రా" అనేది. ఆ లయలో మాట అర్థమై కూతురు స్నేహిత పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు బిళ్ళ సాంచ చప్పుడును కోసి పారేస్తోంది.

ఒక ఆదివారం తలంటు కోసం రాజవ్వ బిళ్ళ తీసి గూట్లో పెట్టి, "బిడ్డా" అంది. స్నేహిత చెవులు మూసుకుంది.

"నేనే గదనే, అమ్మను!"

పిల్ల గూట్లోని బిళ్ళ వైపు చేయి చాపి, "అమ్మ" అంది.

పక్కింటి మల్లవ్వ గడపలోంచి, "ఏడ్వకు రాజవ్వా. నా మనుమడైతే బిళ్ళ తీస్తే నన్ను దొంగను చూసినట్టు చూస్తడు" అంది.

తలంటు అయ్యాక రాజవ్వ కంచంలో అన్నం పెట్టి, సాంచ వేసింది. దెబ్బకొక ముక్కగా పిలిచింది. పిల్ల చేతులు చెవుల మీది నుంచి దిగాయి. కాలు మాత్రం కదలలేదు.

బిళ్ళ తీస్తే ఆదివారమైనా బడికి తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఫోన్. "పాప బిళ్ళ ఎందుకు తీశారు? వెంటనే పెట్టండి. లేకుంటే రేపు రానివ్వం."

"బువ్వ తిన్నంక పెడ్త మేడం!" అని అరిచి ఫోన్ పెట్టేసింది.

కంచంలో అన్నం చల్లారిపోయింది. రాజవ్వ సాంచ ఆపలేదు, పిలుస్తూనే ఉంది.