పెట్టెలో కొట్టు

“షాపు తెరిచేశాను మామయ్యా!” ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి అంది మేనకోడలు.

తలుపుల సామాను కొట్టు యజమాని షట్టరు వంక చూశాడు.

“పొద్దున్నే తెరిచాంగా!”

“ఇది కాదు, ఇంటర్నెట్‌లోది.”

ఆ అమ్మాయి కొట్టులోని సరుకంతా ఫోటోలు తీసి వెబ్‌సైట్ చేసింది. దాన్నీ, అది నడవడానికి కావలసిన సరంజామానీ కంటైనర్ అనే ఒకే పెట్టెలో సర్ది, ఎక్కడో ఉన్న సర్వర్ మీద దింపింది.

“లారీకెత్తినట్టేగా. దారిలో ఏదీ రాలిపోదుగా?”

“నా దగ్గర ఎలా నడిచిందో అక్కడా అలాగే నడుస్తుంది మామయ్యా.”

ఇది నడిస్తే బజారులో మిగతా కొట్లవాళ్ళూ తనకే పని ఇస్తారని ఆమె ఆశ. నడవకపోతే ఎదురు కొట్టాయన ఏడాదంతా నవ్వుతాడని మామయ్య బెంగ.

ఆర్డరొచ్చిందని టింగుమంది మామయ్య ఫోను.

“హ్యాండిళ్ళు!” కుర్చీలోంచి లేచాడు మామయ్య.

మళ్ళీ టింగు. బందులు. మళ్ళీ టింగు. ఇత్తడి తాళం. ఆ తర్వాత గడియ, మళ్ళీ హ్యాండిళ్ళు.

భార్య టీ కప్పులు అందిస్తూ ముసిముసిగా నవ్వింది. కౌంటర్ దగ్గరున్న బావమరిది ఫోను జేబులో పెట్టుకుని, “నీ దశ తిరిగింది బావా!” అన్నాడు.

అంతలో టోపీ పెట్టుకున్న ఒకాయన మెట్లెక్కి వచ్చాడు.

“ఈ షాపు వెబ్‌సైటు మీదేనాండీ?”

“మాదే! చూశారా?”

“చూశాను. బాత్రూం తలుపుకి గడియ ఆర్డరిచ్చాను. కానీ అది నా అడ్రసే అడగలేదు. సరుకు ఎక్కడికి పంపుతారు?”

మేనకోడలు నాలిక్కరుచుకుంది.

మామయ్యకి ఎక్కడో మండింది. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. కొనేవాళ్ళు, కాలక్షేపానికి వచ్చేవాళ్ళు. కొనేవాడైతే చేతిలో సంచీ ఉండాలి. ఈయన చేతులు ఊపుకుంటూ వచ్చాడు.

“ఇందాకట్నుంచీ ఇన్ని ఆర్డర్లు వచ్చాయి. ఒక్కరూ అడగలేదండీ ఈ మాట!”

“వాళ్ళ సంగతి నాకు తెలీదు. మా ఇంట్లో గడియ ఊడిపోయింది. లోపల మనిషి ఉన్నట్టు తెలియాలని అందరం పాటలు పాడుకుంటూ స్నానాలు చేస్తున్నాం. మా అత్తగారి గొంతు మరీ...”

“చూస్తాంలెండి. వెళ్ళి రండి.”

ఆయన అటు వెళ్ళగానే మేనకోడలు ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుంది.

“ఆయన చెప్పింది నిజమే మామయ్యా. సరిచేస్తాను. పాత పెట్టె తీసేసి కొత్త పెట్టె దింపుతాను.”

“పనిలో పని, నా ఫోటో కాస్త పెద్దది చెయ్యి.”

కొత్త పెట్టె దిగింది. అడ్రసు అడుగుతోంది. ఫోటోలో మామయ్య నిండుగా ఉన్నాడు.

ఆర్డర్లే లేవు.

“ఏవీ?”

మేనకోడలి ముఖం పాలిపోయింది. “ఆర్డర్లు రాసుకునే చోటు పెట్టె బయట ఉంచాలి మామయ్యా. హడావిడిలో లోపలే ఉంచేశాను. పాత పెట్టెతో పాటే పోయాయి.”

“మళ్ళీ రావా?”

“రావు.”

మామయ్య కూలబడ్డాడు. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. ఆర్డరిచ్చినవాళ్ళంతా రేపు వచ్చి కొట్టు ముందు నిలబడితే?

సరిగ్గా అప్పుడే మళ్ళీ వచ్చాడు టోపీ ఆయన.

“ఇప్పుడు అడ్రసు అడుగుతోందండీ, బాగుంది. కానీ నా ఆర్డరు కనబడటం లేదు. పోనీ, గడియ ఇక్కడే ఇచ్చేస్తే పట్టుకెళ్తాను.”

“బాబూ, నీకో దణ్ణం! నువ్వు మెట్లెక్కిన దగ్గర్నుంచీ నా కొట్టుకి గ్రహణం పట్టింది. అవతల పెద్ద పెద్ద గిరాకీలు పోయి నేను ఏడుస్తుంటే, నీ గడియ గోలేమిటి?”

ఆయన నొచ్చుకోలేదు. టోపీ సర్దుకుని రోడ్డు దాటాడు. ఎదురు కొట్లోంచి గడియ పొట్లంతో బయటికి వచ్చి, ఇటు చూసి చెయ్యి కూడా ఊపాడు.

ఆర్డరు పోయినవాళ్ళు ఫోన్ చెయ్యండని సైట్‌లో పెద్దక్షరాలతో పెట్టారు.

సాయంత్రమైంది. ఫోను మోగలేదు.

“ఇంతమందిలో ఒక్కడికీ సరుకు అక్కర్లేదా!” అన్నాడు మామయ్య.

భార్య చీర కొంగు మెలిపెట్టింది. “ఏమండీ, కోప్పడరుగా? ఆ హ్యాండిళ్ళు నావే. మా పిన్ని పేరుతో ఒకసారి, పిన్నికూతురి పేరుతో ఒకసారి నొక్కాను. మీరు ఫోను వంక అలా చూస్తుంటే మనసొప్పలేదు.”

బావమరిది గొంతు సవరించుకున్నాడు. “బందులు నావి బావా.”

అందరూ మామయ్య వంక చూశారు.

“అలా చూస్తారేం? ఇత్తడి తాళం నాదే. పిల్ల సంతోషిస్తుందని నొక్కాను.”

మేనకోడలు పగలబడి నవ్వింది. కొట్టంతా నవ్వింది. పోయిన సరుకేం లేదు, నిలదీసేవాడెవడూ లేడు. మామయ్యకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

నవ్వుతూనే ఫోనులో టింగుమన్న సరుకునంతా మనసులో తీసివేసుకుంటూ వచ్చాడు. హ్యాండిళ్ళు పోయాయి, బందులు పోయాయి, తాళం పోయింది.

నవ్వు ఆగింది.

“మరి గడియ?”

“నాది కాదండీ.”

“నాదీ కాదు బావా.”

“నేను అసలు నొక్కలేదు మామయ్యా.”

మామయ్య మెల్లిగా రోడ్డు వంక తిరిగాడు. ఆయన లెక్కలో కాలక్షేపం ఖాతాలో పడిన ఆ టోపీ మనిషే, ఆ రోజు ఇంటర్నెట్ కొట్టు మెట్లెక్కిన ఒకే ఒక్క గిరాకీ.