కోంటా కచేరీలో బావ తిట్లు

“ఈ హుంగాగాడా? వీడు పందుల దొంగ సాబూ! వీని మొగం చూస్తే మా ఊరి కోళ్ళు గుడ్లు దాసుకుంటయి!”

ఇర్మా గొంతుకు కోంటా తహసీల్ కచేరీ పెంకులు కదిలాయి. ఇర్మా మనసు పెట్టి ఒక తిట్టు తిట్టాడంటే శబరి అవతలి గట్టున మేసే పశువులు కూడా తలెత్తి, తమనేనా అన్నట్టు చూస్తాయి. గొల్లపల్లి నుంచి వెంట వచ్చిన జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

హుంగా నవ్వలేదు. ఇర్మా అతని చెల్లెలి మొగుడు. ఆ దొర్ల తెగ ఊళ్ళలో బావా బావా ఎదురుపడితే తిట్టుకోవాలి. తిట్టకపోతే ఏదో కోపమొచ్చిందని పెద్దలు పంచాయితీ పెడతారు. పెళ్ళినాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు కడుపునిండా తిట్టుకుని, ఆ తర్వాతే కల్లు ముంతకు చేతులు చాచేవాళ్ళు. ఈ ఒక్కరోజు మాత్రం బావ నోరు మూసుకుంటే బాగుండునని హుంగా దారి పొడవునా మొక్కుకుంటూ వచ్చాడు.

సంగతేమిటంటే, ఇర్మాకు మతిమరుపు పట్టుకుంది. మనసుకు మబ్బు కమ్మిన రోజున సొంత గుడిసె ఏదో తెలియదు. తెరిపి ఇచ్చిన రోజున అడవిలో ఏ చెట్టుకు ఏ కొమ్మ విరిగిందో చెబుతాడు. అలాంటి మబ్బు రోజు చూసుకునే కోంటా షావుకారు భూషణం ఒక అమ్మకం కాగితం మీద అతని వేలిముద్ర వేయించుకున్నాడు. ఇర్మాకు మిగిలిన ఒక్క పొలం, వాగు పక్కది, దాంతో పోయింది. ఇతనికి మతి నిలకడగా లేదని తహసీల్దారు ఒప్పుకుని, హుంగాను పెద్దదిక్కుగా రాసి, రాజావారి ముద్ర కొడితే ఆ అమ్మకం చెల్లదు. లేకపోతే తొలకరికి ఆ పొలంలో దిగేవి భూషణం ఎడ్లే.

తీరా చూస్తే ఈరోజు తెరిపి రోజు అయి కూర్చుంది.

తహసీల్దారు రాయపూర్ వైపు నుంచి వచ్చినవాడు. కలం పక్కన పెట్టాడు.

“అరే హుంగా, నీమీద ఇంత దుష్మనీ ఉన్నోణ్ణి నీ చేతిల ఎట్ల పెట్టాలె?”

“దుష్మనీ కాదు సాబూ, బావరికం! మా దొర్లోళ్ళల్ల బావలు గిట్లనే మాట్లాడుకుంటరు. తిట్టిండంటే నన్ను గుర్తుపట్టినట్టే.”

భూషణం టక్కున అందుకున్నాడు. “విన్నరా సాహెబ్? వాడే అంటున్నడు, గుర్తుపట్టిండని! మతి లేనోడు గుర్తుపడతడా?”

హుంగా నాలుక కరుచుకున్నాడు. బావ పొలాన్ని తన నోటితో తానే భూషణం చేతిలో పోసినట్టయింది.

“ఇర్మా, ఇయ్యాల ఏ దారిన వచ్చినవ్?” అని తహసీల్దారు అడిగాడు.

“వాగు దాటి, తునికి చెట్ల సందున వచ్చిన సాబూ. ఈ పందుల దొంగ ముందు నడిచిండు. వీని వాసనకు పులిగూడ పారిపోతది. అందుకే బతికొచ్చిన.”

తహసీల్దారు కూడా నవ్వేశాడు. “దిమాగ్ బిల్కుల్ ఠీక్ ఉన్నది. నీ దరఖాస్తు కొట్టేస్తున్న హుంగా.”

భూషణం కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

 హుంగాకు ఇంకొక్క మాటే మిగిలింది. అది గొల్లపల్లిలో ఎవరూ పైకి అనని మాట. మాసే, తన చెల్లెలు, ఇర్మా పెళ్ళాం, కిందటి వానల్లో జ్వరంతో పోయింది. బావలిద్దరూ కలిసే మోసుకెళ్ళారు. కానీ మబ్బు రోజుల్లో ఇర్మా ఆమె కోసం దొప్పలో జావ పోసి, గడప దగ్గర కూర్చుని ఎదురుచూస్తాడు. “కట్టెలకు పోయింది, వస్తది” అని ఊరంతా ఒకే అబద్ధం చెబుతుంది. పిల్లలు కూడా తప్పకుండా అదే చెబుతారు. ఊరంతా కలిసి కప్పి ఉంచినదాన్ని ఇప్పుడు ఈ కచేరీలో, భూషణం పళ్ళికిలించేచోట, తను విప్పాలి.

“సాబూ, నన్నొకటి అడగనియ్యి.” హుంగా నేలను చూస్తూ అడిగాడు. “బావా... మాసే యాడున్నది?”

 గొల్లపల్లి వాళ్ళు తలలు దించుకున్నారు.

ఇర్మా హుంగాను చూశాడు. భూషణాన్ని చూశాడు. మళ్ళీ హుంగాను చూశాడు.

“యాడుంటది? ఇంట్ల జావ కాస్తున్నది. పొద్దుగూకితే నన్ను తిడతది, తొందరగ పంపు సాబూ.”

తహసీల్దారు జనం వైపు తిరిగాడు. వెనక నిలబడ్డ కోసి అనే ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

“ఆమె పోయింది సాబూ. నేనే నీళ్ళు పోసి సాగనంపిన.”

ఆ తర్వాత తహసీల్దారు ఎవర్నీ ఏమీ అడగలేదు. కలం అందుకున్నాడు.

“అమ్మకం రద్దు. ఇకమీద ఇతని మంచిచెడ్డలు హుంగా జిమ్మా.”

భూషణం చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

గెలిచినవాడు ఎలా నడుస్తాడో గానీ, హుంగా అలా నడవలేదు. ఊరివాళ్ళను ముందు పోనిచ్చి, మొహం చూపించలేక బావ వెనక్కి చేరాడు. కోంటా చాలా దూరం వెనకపడ్డాక నోరు విప్పాడు.

“తిట్టు బావా. నలుగుర్ల నిన్ను పిచ్చోణ్ణి చేసిన. చెల్లె పేరు కచేరిల పెట్టిన. నా మొగాన ఉమ్మెయ్యి.”

ఇర్మా తిట్టలేదు.

పోనీలే, రేపటికి బావకు ఇదేదీ గుర్తుండదు అనుకున్నాడు హుంగా. అలా అనుకున్నందుకు నిలువునా సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇర్మా ఆగాడు. హుంగా భుజం మీద చెయ్యి వేశాడు.

“మాసే సచ్చిపోయిందని తెలిసే అట్ల చెప్పిన, బావా.”