ఎవరూ వెళ్లని దీవి

పప్పులో ఉప్పెంత వేయాలన్నా చెవిలోని యంత్రాన్నే అడిగే కాలం మాది. సెలవులకి మా ఆవిడ వకుళ దాన్నే అడిగింది. "తెలిసిన మొహం ఒక్కటీ కనపడని చోటు చెప్పు తల్లీ!"

మధ్యధరా సముద్రంలో ఓ చిన్న దీవి ఉందనీ, అక్కడికి ఎవరూ వెళ్లరనీ చెప్పింది యంత్రం.

"అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పకండి. దిష్టి తగిలితే ప్రయాణం ఆగిపోతుంది" అంది వకుళ. అడిగినవాళ్లందరికీ తిరుపతి అని చెప్పాం.

పడవ దిగగానే ఎదురుగా కింది ఫ్లాటు ఫణిభూషణంగారు, చేతిలో గోంగూర పచ్చడి సీసాతో.

"తిరుపతి అన్నారు?"

"మీరు అన్నవరం అన్నారు కదండీ!"

ఆయన వెనకాల మా అపార్ట్‌మెంట్ మొత్తం ఉంది. ఎవరికి వారే గుట్టుగా వచ్చి, అందరూ కలిసి లిఫ్టు రిపేరు గురించి పోట్లాడుకుంటున్నారు. దీవిలో ఇళ్లన్నిటికీ తాళాలు.

"ఈ ఊరివాళ్లేరే?" అని యంత్రాన్ని అడిగింది వకుళ.

"మీరంతా వస్తున్నారని తెలిసి, వాళ్లూ నన్నే మనుషుల్లేని చోటు చెప్పమన్నారండి. కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్ ఖాళీగా ఉందిగా, అక్కడికి పంపించాను."