పాయింట్ల మధ్య అట్టముక్క

"ఇంకోపాలి కొట్టండి," అంది దీనా. బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

ఎలియాజరు బలంకొద్దీ కిక్కు కొట్టాడు. పాత మోటారు సైకిలు బుస్సుమని ఊరుకుంది.

"ఇది కదిలీలాగ లేదు. రేపు సూద్దాం," అన్నాడు భార్య మొహం చూడకుండా.

"రేపెందుకు? మా అమ్మ దగ్గర పొద్దున్నే వదిలేత్తానని రాత్రి మీరే అన్నారు కదా. వదిలీండి."

ఎలియాజరు ఆ మాట అన్నది నిజమే. నిన్న దేవరాపల్లిలో చనిపోయిన మామగారి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక. వస్తానని చెప్పి, అచ్యుతాపురం నుంచి కంపెనీ బస్సు తెచ్చి పెట్టాక తోటి డ్రైవర్లతో పేకాటకి కూర్చుండిపోయాడు. దీనా ఒక్కతే వెళ్ళి ఒక్కతే తిరిగొచ్చింది. "అందరూ అల్లుడేడీ అని అడిగేరు" అన్నందుకు ఆమె మీద విరుచుకుపడ్డాడు. తప్పు తనదని తెలిసినకొద్దీ గొంతు పెరిగింది. చివరికి, "పొద్దున్నే మీ అమ్మ దగ్గర వదిలేత్తాను, మళ్ళీ రాకు" అనేశాడు.

తెల్లారి ఆమె సంచి సర్దుకోవడం చూశాక "ఎల్లకు" అన్న ఒక్క మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె స్నానానికి వెళ్ళిన సమయం చూసి, ఇంజను పక్కనున్న మూత విప్పాడు. స్పార్కు పుట్టించే పాయింట్ల మధ్య అగ్గిపెట్టె అట్టముక్క దూర్చి, మూత మళ్ళీ బిగించేశాడు.

"ఏటి బావా, పొద్దున్నే కుస్తీ?"

ఎలియాజరు ఉలిక్కిపడ్డాడు. దీనా తమ్ముడు స్టాన్లీ. నెహ్రూచౌక్ దగ్గర తండ్రి పెట్టిన మెకానిక్ షెడ్డు నడుపుతాడు. షెడ్డు తియ్యడానికి వెళ్తూ, కిక్కుల చప్పుడు విని బండి ఆపాడు.

"నీకు ఆలీసమైపోతాది, నువ్వు పో తమ్ముడూ," అంది దీనా.

"అవునవును, నేను సూసుకుంటాను," అన్నాడు ఎలియాజరు కంగారుగా.

"మెకానిక్కుని ఎదురుగా పెట్టుకుని నువ్వు సూసుకునేదేటి?" స్టాన్లీ నవ్వి, అక్క చేతిలోని సంచి చూశాడు. "నిన్ననే కదా అమ్మని సూసేవు, మళ్ళీ ఎల్తన్నావా? పోనీ నా బండెక్కు, నేను దింపేత్తాను."

"వద్దు. ఆయన దింపేత్తానన్నారు. ఆయనే దింపాలి."

స్టాన్లీ ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి కింద కూర్చున్నాడు. ప్లగ్గు విప్పి ఇంజనుకి ఆనించి, "కొట్టు బావా," అన్నాడు. ఎలియాజరు కొట్టాడు. నిప్పురవ్వ కనబడలేదు. తన పనిముట్ల సంచిలోంచి కొత్త ప్లగ్గు తీసి పెట్టి చూశాడు. అదీ అంతే. హారన్ నొక్కితే గట్టిగా మోగింది.

"బ్యాటరీ బాగుంది. ప్లగ్గు బాగుంది. మరెక్కడ సచ్చింది దీనికి?"

ఎండ ఎక్కుతోంది. స్టాన్లీ చొక్కాకి మసి అంటింది. పక్కన నిలబడ్డ ఎలియాజరు, అడిగినది కాకుండా వేరే స్పానరు అందించాడు.

"నిన్న నువ్వొత్తే బాగుండేది బావా," అన్నాడు స్టాన్లీ చేతులు తుడుచుకుంటూ. "ఆకరి నిమిషంలో డ్యూటీ ఏసేసేరంట కదా, అక్క సెప్పింది. ఆదివారం కూడా వదలరేటని అమ్మ నీ గురించి ఒకటే బాధ. నీకోసం కూర కూడా కట్టి పంపింది, తిన్నావా?"

ఎలియాజరు దీనా వైపు చూశాడు. ఆమె సంచి జిప్పు వైపు చూస్తోంది. రాత్రి తను విసురుగా పక్కకి తోసేసిన క్యారేజీ అతనికి గుర్తొచ్చింది.

"ఇంక మిగిలినవి పాయింట్లే. మూత ఇప్పి సూద్దాం," అంటూ స్టాన్లీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

ఎలియాజరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు స్టాన్లీ. అందులో అట్టముక్కుంది. నేనే ఎట్టేను."

"నువ్వా? ఎందుకు?"

"నిన్న డ్యూటీ పెందలాడే అయిపోయింది. పేకాడేను. మీ అక్క నా పరువు కాపాడింది. నేను ఇంటికొచ్చి దాన్నే ఎల్లిపొమ్మన్నాను." దీనా వైపు తిరిగాడు. "పొద్దున్న నువ్వు బట్టలు సర్దుతుంటే భయమేసింది. ఉండమందామంటే మొహం సెల్లలేదు. ఈ పని సేసేను. ఇంక అడ్డుపడను దీనా. ఎల్తానంటే ఇప్పుడే తీసుకెల్తాను. మీ అమ్మకి నిజం కూడా నేనే సెప్తాను."

స్టాన్లీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఎలియాజరే మూత విప్పాడు. స్క్రూ జారి కింద పడితే వెతికి తీసుకున్నాడు. అట్టముక్క లాగి పారేసి, మూత బిగించాడు. వెళ్ళి దీనా ఒళ్ళోని సంచి తీసుకుని హ్యాండిల్‌కి తగిలించాడు. కళ్ళు తుడుచుకుని కిక్కు కొట్టాడు.

బండి బుస్సుమంది. మళ్ళీ కొట్టాడు. అంతే.

"ఇంకేటైనా సేసేవా బావా?" అన్నాడు స్టాన్లీ అనుమానంగా.

"దేవుని తోడు. అదొక్కటే."

స్టాన్లీ పెట్రోలు ట్యాంకు కిందికి చెయ్యి పోనిచ్చి తీగలు తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది. రెండు కొసలు బయటికి లాగి చూపించాడు.

"పాయింట్ల నుంచి స్పార్కు కాయిల్‌కెళ్ళే తీగ ఇది. అరిగి తెగింది కాదు, బ్లేడు ఎట్టి కోసేరు. ఎవులో బండి తెలిసినోల్లే!"

దీనా మెట్టు దిగి వచ్చి, హ్యాండిల్‌కున్న సంచి తీసేసుకుంది.

"నాన్న షెడ్డులో పెరిగినదాన్ని, ఆ మాత్రం నాకు తెలీదేటి?" అంది తల వంచుకుని. "మీరు ఉండమంటారన్న నమ్మకం లేక, మీకన్నా ముందే నేను కోసీసేను."